కాపీ కంటెంట్ వల్ల గూగుల్ ర్యాంకు పడిపోతే ఏం చేయాలి? వరుసగా చేయాల్సిన పనులు

గద్వాల చీరలు అమ్మే దుకాణాలు, మిర్యాలగూడ, సూర్యాపేటల నుంచి నడిచే లోకల్ న్యూస్ సైట్లు, మహబూబ్‌నగర్ కోచింగ్ సెంటర్లు... సొంత సైటు ఉన్నవాళ్లంతా అడుగుతున్న ప్రశ్న ఒకటే: “మా పేజీ గూగుల్‌లో వెనక్కి పోయింది. కాపీ కంటెంట్ వల్లనేనా? ఎట్లా సరిచేయాలి?”

పనికి ఒక వరుస ఉంది. ముందు సైటు లోపల ఒకే పేజీకి ఉన్న నకళ్లు తేల్చాలి. ఆ తర్వాత మన పేజీల్లో బయట నుంచి తెచ్చి పెట్టుకున్న రాత ఎంతో చూడాలి. మన రాతను ఎత్తుకుపోయినవాళ్ల మీదికి పోవడం ఆఖరి పని. చాలామంది ఆఖరి దానితో మొదలుపెట్టి నెలలు పోగొట్టుకుంటున్నారు. తప్పు మాత్రం వాళ్ల సైటు సెట్టింగుల్లోనే ఉంటోంది.

## 1. వడపోత వేరు, శిక్ష వేరు

ఒకేలా ఉన్న పేజీలు కనబడితే గూగుల్ వాటిని ఒక గుంపు చేసి, అందులో ఒకదాన్ని అసలు పేజీగా ఎంచుకుంటుంది. దాన్నే కానానికల్ అంటారు. ఫలితాల్లో సాధారణంగా అదొక్కటే కనిపిస్తుంది, మిగతావి పక్కకు పోతాయి. ఇది వడపోత. దీనివల్ల మీ సైటు మీద మచ్చ పడదు.

చిక్కంతా ఆ ఎంపిక తప్పినప్పుడు వస్తుంది. మీరు ముందుకు తేవాలనుకున్న పేజీ కాకుండా ట్యాగ్ పేజీ (ఒక ట్యాగు ఉన్న పోస్టులన్నీ చూపే జాబితా) ముందుకు రావచ్చు. మీ వార్త కాకుండా దాన్ని ఎత్తుకుపోయిన సైటు పైకి రావచ్చు.

శిక్ష సంగతి వేరు. ఇతరుల రాతను తెచ్చి, ఏమీ జోడించకుండా సైటు నింపితే అది గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా అప్‌డేట్ (గూగుల్ ర్యాంకు లెక్కల్లో మార్పు) దెబ్బ పడింది ఇలాంటి నాసిరకం, ఎత్తుకొచ్చిన సైట్ల మీదనే. 2024 మార్చిలో నియమాలు ఇంకా బిగిశాయి. ర్యాంకుల కోసం కుప్పలుతెప్పలుగా పేజీలు తయారుచేస్తే, అది మనిషి చేసినా యంత్రం చేసినా స్పామే. ఇక కాపీరైట్ ఫిర్యాదులు నిలిచిన సైట్లను కిందికి దించడం 2012 ఆగస్టులోనే మొదలైంది.

“ఎంత శాతం కాపీ ఉంటే ప్రమాదం?” అని అడుగుతుంటారు. గూగుల్ అలాంటి హద్దేదీ ప్రకటించలేదు. టూల్స్ చూపించే శాతాలు ఆ టూల్స్ లెక్కలే. వాటిని చూసి కంగారు పడకండి, ధీమా కూడా పడకండి.

## 2. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైటు గూగుల్‌కు ఎట్లా కనబడుతోందో చూపే ఉచిత సేవ) డొమైన్ ప్రాపర్టీ, అంటే మీ డొమైన్ మొత్తానికి ఒకే లెక్క. డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరును సర్వరుకు కలిపే సెట్టింగులు) సైటు మీదేనని చూపే ఒక టీఎక్స్‌టీ రికార్డు పెడితే చాలు. దీంట్లో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నవీ లేనివీ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.
- పేజీలన్నీ తిరిగి చూసే క్రాలర్. స్క్రీమింగ్ ఫ్రాగ్ 500 అడ్రసుల వరకు ఉచితం, చిన్న సైటుకు అది సరిపోతుంది.
- సైటు పూర్తి బ్యాకప్. రీడైరెక్టులు (ఒక అడ్రసుకు వచ్చినవాళ్లను ఇంకో అడ్రసుకు మళ్లించేవి) ముట్టుకునే ముందు ఇది లేకపోతే పనే మొదలుపెట్టవద్దు.
- ఒక షీట్. అందులో ఐదు నిలువు వరుసలు: పేజీ అడ్రసు, దాని నకలు అడ్రసు, కారణం, చేసిన పని, తేదీ.

తేదీ వరుస వదిలేయకండి. ఫలితం వారాల తర్వాత కనబడుతుంది. ఏది ఎప్పుడు మార్చారో రాసిపెట్టుకోకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

## 3. సైటు లోపలి నకళ్లు

### 3.1 హోమ్ పేజీకి నాలుగు తలుపులు

మీ డొమైన్‌ను నాలుగు రకాలుగా కొట్టి చూడండి: హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో, రెండిట్లోనూ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి, తీసేసి. నాలుగూ చివరికి ఒకే అడ్రసులో ఆగాలి. రెండు అడ్రసుల్లో విడివిడిగా తెరుచుకుంటే ఒకే సైటు రెండు సైట్లుగా నడుస్తున్నట్టే.

సరిచేయడం: హోస్టింగ్‌లో 301 రీడైరెక్ట్, అంటే శాశ్వత మళ్లింపు పెట్టండి. 302 తాత్కాలికం, అది వద్దు. బ్లాగర్‌లో సొంత డొమైన్ ఉంటే సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్ట్, రీడైరెక్ట్ డొమైన్ రెండూ ఆన్ చేయాలి. పెట్టిన రీడైరెక్టును కనీసం ఏడాది తీయకండి.

### 3.2 తోకలున్న అడ్రసులు

ఫేస్‌బుక్‌లో షేర్ అయిన లింకు చివర ప్రశ్నార్థకం, ఆ వెనక పొడుగాటి తోక వస్తాయి. ప్రకటనల లింకులకూ, దుకాణం సైట్లలో ధర, రంగు ఫిల్టర్లకూ ఇదే తంతు. పేజీ ఒకటే, అడ్రసులు డజను.

ప్రతి పేజీ తలభాగంలో తన శుభ్రమైన అడ్రసునే చూపే కానానికల్ ట్యాగ్ ఉండాలి. వర్డ్‌ప్రెస్‌లో యోస్ట్ గానీ ర్యాంక్ మ్యాథ్ గానీ ప్లగిన్‌గా ఉంటే అది దానంతటదే వస్తుంది. అయినా ఒక పేజీ సోర్స్ తెరిచి కళ్లారా చూడండి. రెండు ప్లగిన్లు పెట్టుకున్న సైట్లలో రెండు కానానికల్ ట్యాగులు కనబడుతుంటాయి. ఒక ప్లగిన్ తీసేయండి.

ట్యాగులో అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై పూర్తిగా ఉండాలి. లోపలి లింకులు కూడా అట్లాగే రాయండి. ఇందులో ఇంకో లాభం ఉంది: మీ పేజీని కోడ్‌తో సహా యథాతథంగా లాక్కునే సైటు, మీ సైటును చూపే ట్యాగునూ లింకులనూ కూడా మోసుకుపోతుంది.

### 3.3 ట్యాగ్ పేజీలు, అటాచ్‌మెంట్ పేజీలు

లోకల్ న్యూస్ సైట్లను ముంచేది ఎక్కువగా ఇదే. ఒక వార్తకు “నల్లగొండ”, “నల్గొండ”, “నల్లగొండ వార్తలు”, “నల్లగొండ న్యూస్” అని నాలుగు ట్యాగులు తగిలిస్తారు. నాలుగు ట్యాగ్ పేజీలు పుడతాయి, నాలుగింట్లోనూ అవే వార్తలు.

- ఊరి పేరుకు ఒకే రూపం ఖాయం చేసుకోండి. మహబూబ్‌నగర్ అంటే మహబూబ్‌నగరే. పాలమూరు అన్న పేరు వార్త లోపల వాడండి, దానికి వేరే ట్యాగు వద్దు.
- కేటగిరీలు పదికి లోపే ఉంచండి. ఒకటి రెండు పోస్టులే ఉన్న ట్యాగులు తీసేయండి.
- మిగిలిన ట్యాగ్ పేజీలకు ప్లగిన్‌లో నోఇండెక్స్ (గూగుల్ ఫలితాల్లో చూపవద్దనే ట్యాగు) పెట్టండి.
- ఒక్కో ఫొటోకు ఒక్కో పేజీ పుట్టే అటాచ్‌మెంట్ పేజీలను ఆపేయండి. 2023 నవంబరు తర్వాత కొత్తగా పెట్టిన వర్డ్‌ప్రెస్ సైట్లలో అవి ఆగే ఉంటాయి. పాత సైట్లలో మాత్రం మీరే చూసుకోవాలి.

### 3.4 సెర్చ్ కన్సోల్ ఏం చెబుతోంది?

పేజెస్ రిపోర్టు తెరవండి. ఈ మూడు వరుసలు చూస్తే పరిస్థితి తెలుస్తుంది.

“ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కానానికల్ ట్యాగ్” అంటే అంతా సవ్యంగా ఉందని. దాన్ని ముట్టుకోవద్దు.

“డూప్లికేట్ వితౌట్ యూజర్-సెలెక్టెడ్ కానానికల్” అంటే మీరు ఏదీ చెప్పలేదు, గూగుల్ తనకు తోచింది ఎంచుకుంది. కానానికల్ ట్యాగు పెట్టాలి.

“డూప్లికేట్, గూగుల్ చోజ్ డిఫరెంట్ కానానికల్ దెన్ యూజర్” అంటే మీరు ఒకటి చెప్పారు, గూగుల్ ఒప్పుకోలేదు. కానానికల్ ట్యాగు ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. ట్యాగు ఒక అడ్రసు చూపుతుంటే సైట్‌మ్యాప్ (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) ఇంకోటి చూపడం, మెనూ లింకులు మూడోదానికి పోవడం మామూలుగా దీనికి కారణం. మూడూ ఒకే అడ్రసు చూపేలా చేసి, సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీని పరీక్షించే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ పేజీకి మళ్లీ ఇండెక్సింగ్ (గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం) అడగండి.

## 4. ఊరి పేరు మార్చి పెట్టిన పేజీలు

సబ్‌మెర్సిబుల్ మోటార్లు వైండింగ్ చేసే షాపుకు దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ, కోదాడ పేర్లతో పేజీలు చేస్తారు. లోపల రాత ఒకటే, ఊరి పేరు మాత్రమే మారుతుంది. గూగుల్ దృష్టిలో ఇవి డోర్‌వే పేజీలు, అంటే స్పామ్. కొన్నాళ్లు నడిచినట్టే ఉండి, ఒక అప్‌డేట్‌తో అన్నీ కలిసి పోతాయి.

రెండే దారులు ఉన్నాయి. చెప్పడానికి వేరుగా ఏమీ లేకపోతే, మీరు సర్వీసు ఇచ్చే ఊళ్లన్నీ రాసి ఒకే బలమైన పేజీ పెట్టండి. పాత పేజీలన్నిటినీ దానికి 301 చేయండి.

చెప్పడానికి నిజంగా ఉంటే ఊరికో పేజీ ఉండొచ్చు. దేవరకొండ వైపు సాగు చాలావరకు బోర్ల మీదనే. అక్కడి రైతుకు కావాల్సింది ఎంత లోతుకు ఎన్ని స్టేజీల పంపు, నీళ్లు తగ్గాక డ్రై రన్ అయి మోటార్ కాలకుండా ఏ స్టార్టర్ పెట్టాలి, మోటారు పైకి తీసే కూలీ ఎంత అన్నవి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. అక్కడ కాల్వల నుంచి నీళ్లు ఎత్తే మోనోబ్లాక్ పంపులు, ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కోవడం లాంటివి రాయొచ్చు. ఇలా రాస్తే రెండు పేజీలూ రెండు అవసరాలు తీరుస్తాయి.

పరీక్ష తేలికే: రెండు పేజీల్లోనూ ఊరి పేరు కొట్టేసి చదవండి. ఏది ఏ ఊరిదో చెప్పలేకపోతే కలిపేయండి.

## 5. బయట నుంచి తెచ్చుకున్న రాత

### 5.1 హోల్‌సేలర్ ఇచ్చిన వివరణ

చీరల సైట్లలో ఇది పెద్ద రోగం. హోల్‌సేలర్ పంపిన వివరణనే పదిమంది పెడతారు. అందరి పేజీ ఒకేలా ఉన్నప్పుడు గూగుల్ పెద్ద సైటునో పాత సైటునో చూపుతుంది.

మామూలుగా పెట్టే రాత: “సంప్రదాయ సొగసు ఉట్టిపడే అందమైన గద్వాల చీర. ప్రతి శుభకార్యానికీ సరైన ఎంపిక.”

పెట్టాల్సిన రాత: “ఒళ్లు కాటన్, అంచు, కొంగు పట్టు. అంచు కుట్టి అతికించింది కాదు, మగ్గం మీదే ఒంటితో కలిపి నేసింది. చీర 5.5 మీటర్లు, జాకెట్ ముక్క 80 సెంటీమీటర్లు. అంచు వెడల్పు ఫొటోలో స్కేలు పెట్టి చూపించాం. మొదటి ఉతుకు డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి.”

రెండోది ఎవరూ గాలిలోంచి రాయలేరు. చీర చేతిలో పట్టుకుని, టేపు పెట్టి కొలిచినవాళ్లే రాయగలరు. ర్యాంకుకు పనికొచ్చేదీ, కొనేవాళ్ల అనుమానం తీర్చేదీ అదే. మీ కొలతలు మీ సరుకుకు తగ్గట్టు వేయండి, పై అంకెలను ఎత్తి పెట్టుకోవద్దు. స్టాకంతా ఒకేసారి రాయక్కర్లేదు. సెర్చ్ కన్సోల్‌లో ఎక్కువ ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) ఉన్న ఇరవై చీరలతో మొదలుపెట్టండి.

### 5.2 నోటిఫికేషన్లు, ఫలితాలు

మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ ప్రకటనలను లోకల్ సైట్లన్నీ పెడతాయి. తేదీలు, ఫీజులు వాస్తవాలు, అవి ఎవరి సొత్తూ కాదు. ఆ వాస్తవాలను చెప్పడానికి ఇంకొకరు రాసుకున్న వాక్యాలు మాత్రం వాళ్లవే. అధికారిక ప్రకటన నుంచి అవసరమైన రెండు మూడు వరుసలు కోట్‌లో పెట్టి, మూలానికి లింకు ఇచ్చి, మిగతాది సొంతంగా రాయండి: ఆలస్య రుసుముతో గడువు ఎప్పుడు, సప్లిమెంటరీ వాళ్లకు ఏ ఫారం, చలానా ఆగిపోతే ఎవరిని కలవాలి.

### 5.3 ఇంగ్లిష్ నుంచి తెలుగు

ఒకే విషయానికి ఇంగ్లిష్ పేజీ, తెలుగు పేజీ ఉంటే అవి నకళ్లు కావు. రెండిటికీ ఏది ఏ భాష పేజీయో గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌ల్యాంగ్ ట్యాగులు పెట్టి జత కలపండి. అలాగని ఇతరుల ఇంగ్లిష్ వ్యాసాన్ని ట్రాన్స్‌లేట్ టూల్‌లో వేసి పెట్టడం కుదరదు. కాపీరైట్ పరంగా అనువాద హక్కు మూల రచయితది. మనిషి చూడని యంత్రానువాదాల కుప్ప స్పామ్ కిందికే వస్తుంది.

### 5.4 కాపీ రాతను పట్టించే తప్పులు

తెచ్చుకున్న రాతతో పాటు దాని తప్పులూ వస్తాయి. గద్వాలను ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంచిన పేజీ 2016 అక్టోబరుకు ముందు రాతకు నకలు. నారాయణపేట కొత్త జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మహా మర్రిచెట్టు, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరు. ఈ రెండిటినీ కలిపేసిన పేజీని స్థానికులు ఒక్క చూపులో పట్టేస్తారు, మళ్లీ ఆ సైటు ముఖం చూడరు. పాత పేజీలను ఈ కంటితో ఒకసారి వడకట్టండి.

## 6. మీ రాత ఎవరు ఎత్తుకుపోయారో కనిపెట్టడం

వ్యాసం నడుమ నుంచి ఆరు నుంచి ఎనిమిది పదాల వాక్యం తీసుకుని డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి. హెడ్డింగు, మొదటి పేరా తీసుకోకండి. ఎత్తుకుపోయేవాళ్లు ముందు మార్చేవి అవే.

తెలుగులో వెతికేటప్పుడు ఒక తిరకాసు ఉంది. “వెబ్‌సైట్” లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం ఉంటుంది. కొందరు దాన్ని పెట్టరు, కొందరు ఖాళీ వదులుతారు. అందుకని నడుమ పొల్లు వచ్చే ఇంగ్లిష్ మాటలు, “నల్గొండ-నల్లగొండ”, “చేయాలి-చెయ్యాలి” వంటి రెండు రూపాల మాటలు లేని వాక్యం ఎంచుకోండి. లేకపోతే కాపీ కళ్లముందే ఉన్నా దొరకదు.

ఫొటోలకు గూగుల్ లెన్స్ వాడండి. రాత మార్చినవాళ్లు కూడా ఫొటో అలాగే ఉంచుతారు.

## 7. కాపీ చేసిన సైటు మీకంటే పైన ఉంటే

ముందు మీ పేజీనే అనుమానించండి. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి చూడండి:

- పేజీ ఇండెక్స్‌లో ఉందా?
- పొరపాటున నోఇండెక్స్ పడిందా?
- రోబోట్స్ ఫైలు (గూగుల్ ఏ పేజీల్లోకి రావొచ్చో చెప్పే ఫైలు) అడ్డుపడుతోందా?
- “గూగుల్-సెలెక్టెడ్ కానానికల్” దగ్గర ఎవరి అడ్రసు ఉంది?

ఆఖరి ప్రశ్నకు జవాబుగా అవతలి సైటు అడ్రసు కనబడితే ఎంపిక తప్పిందని తేలిపోయినట్టే. అప్పుడు ఈ వరుసలో వెళ్లండి.

7.1 ఆధారాలు. అవతలి పేజీ స్క్రీన్‌షాట్లు అడ్రసు, తేదీ కనిపించేలా తీయండి. పాత వెబ్ పేజీలను తేదీతో దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో రెండు పేజీలూ సేవ్ చేయండి. మీ డ్రాఫ్టు, అసలు ఫొటో ఫైళ్లు భద్రం చేయండి. ఇవి చేయకముందే అవతలివాళ్లకు మెసేజ్ పెడితే పేజీ మార్చేస్తారు, ఆధారం పోతుంది.

7.2 మర్యాదగా ఒక మెయిల్. రెండు అడ్రసులూ ఇచ్చి, ఏ పేరాలు కాపీ అయ్యాయో చెప్పి, వారం గడువు పెట్టండి. బెదిరింపులు వద్దు. మీ రాతను వాళ్ల సైటులో ఉంచడానికి మీకు అభ్యంతరం లేకపోతే, ఆ పేజీకి నోఇండెక్స్ పెట్టి మీకు లింకు ఇమ్మని అడగండి. వేరే సైటులో మళ్లీ వేసిన రాతకు కానానికల్ ట్యాగుకంటే ఇదే నమ్మకమైన పద్ధతి.

7.3 హోస్టింగ్ కంపెనీకి ఫిర్యాదు. హూఈజ్‌లో (డొమైన్, ఐపీ అడ్రసులు ఎవరివో చూపే సేవ) ఆ సైటు ఐపీ అడ్రసు ఏ కంపెనీదో చూసి, దాని అబ్యూజ్ (దుర్వినియోగ ఫిర్యాదుల) విభాగానికి రాయండి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2013 కాపీరైట్ రూల్స్‌లోని 75వ నిబంధన కింద రాతపూర్వక ఫిర్యాదు సబబుగా ఉంటే 36 గంటల్లో ఆ పేజీని అందకుండా ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు.

7.4 గూగుల్‌కు కాపీరైట్ నోటీసు. ఇది అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం కింద ఇచ్చేది. లీగల్ రిమూవల్ ఫారంలో వెబ్ సెర్చ్ ఎంచుకోవాలి. అసలు పేజీ అడ్రసు, కాపీ పేజీ అడ్రసు జతలుగా ఇవ్వాలి. హోమ్ పేజీ అడ్రసు ఇస్తే పని కాదు. ఇందులో మీరు ఇచ్చేది ప్రమాణ పూర్వక ప్రకటన. నోటీసు నకలు ఇలాంటి నోటీసులను అందరికీ కనబడేలా ఉంచే లూమెన్ డేటాబేస్‌కు పోతుంది, అవతలివాళ్లూ చూడొచ్చు. మీది కాని రాత మీద, కేవలం వాస్తవాలు ఒకటే అయిన వార్తల మీద నోటీసు వేయకండి, చట్టపరంగా అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇది స్పామ్ రిపోర్టుతో తీరే పని కాదు. స్పామ్ రిపోర్టు పెట్టినంతమాత్రాన ఫలానా పేజీ పోతుందని ఏమీ లేదు.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

నకళ్లను రోబోట్స్ ఫైలుతో మూసేయడం. లోపలికి రాలేకపోతే గూగుల్‌కు మీ కానానికల్ ట్యాగే కనబడదు. తెరిచి ఉంచి, ట్యాగు లేదా 301 వాడండి.

అన్ని పేజీల కానానికల్‌నూ హోమ్ పేజీకి పెట్టడం. థీమ్ మార్చినప్పుడు ఇలా అవుతుంది. లోపలి పేజీలు ఒక్కొక్కటే ఇండెక్స్ నుంచి జారిపోతాయి. ప్రతి పేజీ తన అడ్రసునే చూపాలి. జాబితాల్లో రెండో పేజీ కూడా అంతే, దాన్ని మొదటి పేజీకి చూపవద్దు.

ఒకే పేజీకి నోఇండెక్స్, వేరే పేజీకి కానానికల్ కలిపి పెట్టడం. ఒకటి “నన్ను తీసేయ్” అంటుంది, ఇంకోటి “నన్ను దానిలో కలుపు” అంటుంది. ఏదో ఒకటే ఉంచండి.

స్పిన్నింగ్ టూల్స్. మాటలకు పర్యాయపదాలు వేసి వ్యాసం మార్చే టూళ్లు తెలుగును ఖూనీ చేస్తాయి. “బత్తాయి తోట” కాస్తా చదవలేని మరేదో అవుతుంది. సారం మాత్రం కాపీయే. అలాంటి పేజీలు తీసేయండి, లేదా మొదటి అక్షరం నుంచి తిరగరాయండి.

రైట్ క్లిక్ ఆపేయడం. స్క్రిప్టుతో లాక్కునేవాళ్లకు మౌసుతో పనేలేదు. మామూలు పాఠకులకే ఇబ్బంది. దాని బదులు వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో ఫీడ్‌కు (కొత్త పోస్టులను బయటి యాప్‌లకు, సైట్లకు పంపే ఫైలు) పూర్తి వ్యాసం కాకుండా సారాంశం పెట్టండి.

రాత మార్చకుండా తేదీ మార్చడం. దీంతో కాపీ అసలు అయిపోదు.

## 9. కొత్త పేజీ పెట్టే ప్రతిసారీ

- ఇదే విషయం మీద మీ సైటులో పాత పేజీ ఉందా? ఉంటే కొత్తది వద్దు, దాన్నే పెంచండి.
- ఇతరుల నుంచి తెచ్చిన ప్రతి వాక్యం కోట్‌లో, మూలం పేరుతో ఉందా?
- మీ దగ్గరే దొరికే వివరం, ఫొటో, కొలత, ధర ఒక్కటైనా ఉందా?
- కానానికల్, సైట్‌మ్యాప్ ఒకే అడ్రసు చూపుతున్నాయా?
- ప్రచురించగానే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఇండెక్సింగ్ అడిగారా? ఎత్తుకుపోయేవాళ్లకంటే ముందు గూగుల్ మీ పేజీని చూడటం మీకు మేలు.

## 10. ఫలితం ఎప్పుడు?

రీడైరెక్టులు, ట్యాగుల మార్పులు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో రిపోర్టులో కనిపిస్తాయి. తిరగరాసిన పేజీలకు ఇంకా ఎక్కువ పడుతుంది. సైటు మొత్తానికి దెబ్బ తగిలిన సందర్భంలో నెలలు పట్టొచ్చు. పెర్ఫార్మెన్స్ రిపోర్టు 16 నెలల లెక్క చూపుతుంది కాబట్టి, షీటులో రాసుకున్న తేదీకి ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు పోల్చి చూడండి. కోచింగ్ సైటుకు పరీక్షల కాలం, చీరల సైటుకు పెళ్లిళ్ల కాలం ఉంటాయి కాబట్టి, నిరుడు ఇదే నెలతో కూడా పోల్చాలి.

సెర్చ్ కన్సోల్‌లోని మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ మనుషులు చూసి వేసిన శిక్షలు) పేజీలో నోటీసు ఉంటే సంగతి వేరు. తప్పు పేజీలన్నీ తీసేసి లేదా తిరగరాసి, ఏమేం చేశారో ఉదాహరణలతో రీకన్సిడరేషన్ రిక్వెస్టు (మళ్లీ పరిశీలించమనే విన్నపం) పెట్టాలి. సగం పని చేసి పెడితే తిప్పి పంపుతారు. తీయించిన కాపీ పేజీ వేరే అడ్రసుతో మళ్లీ వస్తే పాత నోటీసు దానికి వర్తించదు, కొత్త అడ్రసుతో ఇంకో నోటీసు ఇవ్వాలి. అందుకే 7.1లో చెప్పిన ఆధారాల ఫోల్డరును పని అయిపోయాక కూడా తీసేయకండి.